మద్రాసు కోట నుంచి విధాన సౌధ దాకా: శాసనసభల దారిలో ఒక ప్రయాణం

దక్షిణాదిలో గుళ్లకూ కొండలకూ టూర్లు బోలెడు. మన రాష్ట్రాల శాసనసభలు ఎక్కడ పుట్టాయో, ఎలా పెరిగాయో చూద్దామని బయలుదేరేవాళ్లు మాత్రం తక్కువ. నేనూ మా ఆవిడా ఈసారి అదే పనిగా చెన్నై, మైసూరు, బెంగళూరు చూసొచ్చాం. వెళ్లాలనుకునేవాళ్లు ఇదే వరసలో వెళ్లండి. గవర్నరు గదిలో మొదలైన సంగతి జనం చేతికి ఎలా వచ్చిందో అంచెలంచెలుగా అర్థమవుతుంది.

చెన్నైలో బస ఎగ్మోర్ దగ్గర ఒక లాడ్జిలో. ఏసీ గదికి డబ్బు ముందే కట్టాం. తీరా వెళ్తే ఏసీ రిపేరులో ఉందన్నారు. చాలాసేపు వాదించాక వేరే గది ఇచ్చారు. రాత్రిపూట దిగేవాళ్లు ముందే ఫోన్ చేసి గది సంగతి కనుక్కోండి. ఎగ్మోర్‌లో ఉంటే మాత్రం ఒక లాభం ఉంది: లోకల్ రైలెక్కి ఫోర్ట్ స్టేషన్‌లో దిగితే సెయింట్ జార్జి కోట దగ్గరే.

కోటలోనే సచివాలయం, శాసనసభ ఉన్నాయి కాబట్టి తనిఖీ గట్టిగానే ఉంటుంది. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. సభ జరిగే హాలు చూడాలంటే సమావేశాలప్పుడు పాస్ సంపాదించాలి, మామూలు రోజుల్లో కుదరదు. మ్యూజియం మాత్రం అందరికీ తెరిచే ఉంటుంది, శుక్రవారం సెలవు. 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగరేసిన పట్టు జెండా అక్కడ గాజు పెట్టెలో ఉంది. రంగు వెలిసిపోయింది, అయినా ముందు నిలబడితే ఒళ్లు పులకరించింది. బ్రిటిష్ వాళ్ల 1861 చట్టంతో గవర్నరు పక్కన కొద్దిమంది నామినేటెడ్ సభ్యులను కూర్చోబెట్టి చట్టాలు చేయడం మొదలైంది. అదే మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిల్. 1920లో దానికి నేరుగా ఎన్నికలు వచ్చాయి. మన పానగల్ రాజా ఆ కౌన్సిల్ కాలంలోనే ప్రీమియర్, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవిలోకి వచ్చారు.

చెన్నైలో తెలుగువాళ్లు తప్పకుండా చూడాల్సింది కోట కాదంటాను. మైలాపూర్ రాయపేట హైరోడ్డులో ఉన్న పొట్టి శ్రీరాములు స్మారక భవనం. అది బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. 1937లో మద్రాసు శాసనసభకు స్పీకర్‌గా కూర్చున్నది ఆయనే. అదే ఇంట్లో 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబర్ 15న శ్రీరాములు గారు కన్నుమూశారు. ఆ ఏడాదే ఎన్నికైన మద్రాసు సభలో 375 మంది ఉండేవాళ్లు. అంతమందికి కోట చాలక వాలాజా రోడ్డు పక్కన ప్రభుత్వ ఎస్టేట్‌లో కొత్త సభామందిరం కట్టారు. 1953 అక్టోబర్ 1న మన 140 మందీ లేచి వచ్చేశారు, కర్నూలులో ఆంధ్ర శాసనసభ మొదలైంది. పాత మందిరం ఇప్పుడు లేదు, ఆ చోట కొత్తగా కట్టిన కలైవానర్ అరంగం ఉంది. బయట నుంచి ఒకసారి చూస్తే చాలు, ఎక్కువ టైమ్ పెట్టుకోకండి. శ్రీరాములు గారి దగ్గర మాత్రం తొందరపడొద్దు. పిల్లలుంటే వెంట తీసుకెళ్లండి.

చెన్నై నుంచి మైసూరుకు వందే భారత్‌లో వెళ్లాం. సీట్లు బావున్నాయి, భోజనం పర్వాలేదు. టికెట్ ధర ఎక్కువ అనిపిస్తే మామూలు రైళ్లు ఉన్నాయి. మైసూరులో ఒక ఇంట్లోనే పైగది అద్దెకు తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, పొద్దున్నే ఇంటావిడ చేతి వేడి వేడి ఇడ్లీలు. ప్రయాణం మొత్తంలో మంచి బస ఇదే. దసరా రోజుల్లో రేట్లు బాగా పెరుగుతాయి, చూసుకోండి.

నన్ను అడిగితే ఈ ప్రయాణానికి గుండెకాయ మైసూరే. యాభై ఏళ్ల బ్రిటిష్ పాలన తర్వాత 1881లో రాజ్యం మళ్లీ ఒడెయర్ల చేతికి వచ్చింది. ఆ ఏడాదే దివాన్ రంగాచార్లు ప్రజా ప్రతినిధి సభ పెట్టించారు. రైతులు, వర్తకులు కలిపి 144 మంది. చట్టం చేసే అధికారం వాళ్లకు లేదు. దివాన్ ఏడాది లెక్క చదివి వినిపిస్తే, వీళ్లు తమ ఊళ్ల కష్టాలు చెప్పుకునేవాళ్లు. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఏలేవాడు జనానికి లెక్క చెప్పాలనే అలవాటు అక్కడే పడింది. 1907లో లెజిస్లేటివ్ కౌన్సిల్ వచ్చింది, తొలి సమావేశం జగన్మోహన ప్యాలెస్‌లో. ఇప్పుడు దాన్ని రవివర్మ చిత్రాల కోసం చూస్తారు. బొమ్మలు చూశాక ఆ పెద్ద హాల్లో కాసేపు ఆగండి. దొడ్డ గడియారం అనే క్లాక్ టవర్ పక్కనే రంగాచార్లు పేరిట కట్టిన టౌన్ హాలు ఉంది. నడిచి వెళ్లొచ్చు, ఆటో అక్కర్లేదు.

బెంగళూరులో మెజెస్టిక్ దగ్గర దిగితే పర్పుల్ లైన్ మెట్రోలో రెండో స్టేషనే విధాన సౌధ. కర్ణాటక శాసనసభ ఉండేది ఇందులోనే. అప్పటి మైసూరు ముఖ్యమంత్రి కెంగల్ హనుమంతయ్య పట్టుబట్టి కట్టించిన గ్రానైట్ భవనం, 1956లో పూర్తయింది. ద్వారం పైన 'ప్రభుత్వ కార్యం దేవుడి కార్యం' అని కన్నడంలో చెక్కి ఉంటుంది. 2025 జూన్ నుంచి ఆదివారాలు, రెండో, నాలుగో శనివారాల్లో గైడెడ్ టూర్ పెట్టారు. టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, గుర్తింపు కార్డు ఉండాలి. ఇంత తక్కువ ఖర్చులో శాసనసభ భవనం లోపల తిరిగి చూసే వీలు కల్పించడం నాకెంతో నచ్చింది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ పక్కన 1913లో పూర్తయిన మన పాత అసెంబ్లీ భవనానికీ ఇలాంటి ఏర్పాటు కావాలి. అడగాల్సింది మనమే.

ఇంకా ఓపిక ఉంటే డిసెంబర్‌లో బెళగావి వెళ్లండి. 2012లో ప్రారంభమైన సువర్ణ విధాన సౌధలో కర్ణాటక శాసనసభ శీతాకాల సమావేశాలు జరుగుతాయి. ఆ రోజుల్లో ఊళ్లో గదులు దొరకడం కష్టం, కనీసం నెల ముందు బుక్ చేసుకోండి.