టైనీ టేపౌట్: కాలేజీకి కొనొచ్చా? ఒక ఈసీఈ లెక్చరర్ రివ్యూ

మనం గీసిన డిజైన్‌ని నిజం చిప్‌గా చేయించి ఇచ్చే సర్వీసు టైనీ టేపౌట్. కాలేజీ డబ్బుతో అయితే కళ్లు మూసుకుని కొనండి. సొంత జేబులోంచి పెట్టుకునే విద్యార్థి అయితే కాస్త ఆగండి, కింద మీ కోసం వేరే లెక్క ఉంది. నేనైతే ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో కూడా చెబుతాను.

గోదావరి జిల్లాల్లో ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో వీఎల్‌ఎస్‌ఐ, అంటే చిప్ డిజైన్ చెబుతుంటాను. మా దగ్గర ఆ సబ్జెక్టుకి సిలబస్ ఉంది, ల్యాబ్ ఉంది, రికార్డు ఉంది, వైవా ఉంది. లేనిదల్లా చిప్పే. పిల్లలు స్క్రీన్ మీద ఇన్వర్టర్ అనే అతి చిన్న సర్క్యూట్ లేఅవుట్ (చిప్ మీద ఏది ఎక్కడుండాలో చూపే పటం) గీస్తారు, తప్పుల్లేవని టూల్ చెప్పగానే ప్రింటవుట్ తీసి రికార్డులో అంటిస్తారు, సంతకం పెట్టించుకుంటారు, అంతే. గీసింది నిజంగా పనిచేసేదో లేదో ఎవరికీ తెలియదు, ఎవరికీ పట్టదు. ఈ ఊళ్లో పిండిమర ఉంటుంది, రైస్ మిల్లు ఉంటుంది, చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ, అదే ఫ్యాబ్, ఎక్కడుంటుంది మరి.

టైనీ టేపౌట్ అంటే ఏంటో ముందు చెప్పేస్తాను. మాట్ వెన్ అనే ఇంజనీరు 2022లో మొదలుపెట్టిన సర్వీసు ఇది. చిప్ చేయించాలంటే మాస్కులకే, అంటే సిలికాన్ మీద డిజైన్‌ని ముద్రించే అచ్చులకే, లక్షల డాలర్లవుతాయి. ఆ ఖర్చుని వందలాది మంది పంచుకుంటే మనలాంటి వాళ్లకీ అందుబాటులోకి వస్తుంది. షేర్ ఆటో లెక్కే. ఒక్కొక్కరికి చిప్‌లో టైల్ అనే చిన్న ముక్క ఇస్తారు, సుమారు 160 మైక్రాన్లు పొడవు, 100 మైక్రాన్లు వెడల్పు. అందులో అటూఇటూగా వెయ్యి లాజిక్ గేట్లు (డిజిటల్ సర్క్యూట్‌కి ఇటుకల్లాంటివి) పడతాయి. చాలకపోతే పక్క టైళ్లు కూడా కొనుక్కోవచ్చు. ఎనిమిది ఇన్‌పుట్లు, ఎనిమిది అవుట్‌పుట్లు, ఎటైనా వాడుకోగలిగిన పిన్నులు ఇంకో ఎనిమిది, ఒక క్లాక్, ఒక రీసెట్. డిజైన్లన్నీ ఒకే చిప్ మీద ఉంటాయి, మీరు ఏ నంబరు అడిగితే ఆ డిజైన్‌ని లోపలి మల్టీప్లెక్సర్ పిన్నులకు కలుపుతుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1978లో అమెరికాలోని ఎంఐటీలో లిన్ కాన్వే అనే చిప్ డిజైన్ పరిశోధకురాలు చెప్పిన కోర్సులో విద్యార్థులు గీసిన చిప్‌లన్నిటినీ కలిపి హ్యూలెట్ ప్యాకార్డ్‌లో చేయించారు. కోర్సు అయిపోయిన కొద్ది వారాలకే అవి పిల్లల చేతికొచ్చాయి. ఆ బాటలోనే 1981లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో మోసిస్ అనే సర్వీసు పెట్టి అమెరికా యూనివర్సిటీలకు చిప్‌లు చేయించి ఇచ్చారు. అమెరికా చిప్ కంపెనీలకు ఇంజనీర్లు తయారైన దారుల్లో ఇదొకటి. మా పిల్లలకు ఆ అవకాశం రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

వాడకం సంగతికి వస్తే, నేను అనుకున్నదానికంటే సులువు. సర్క్యూట్‌ని కోడ్‌లా రాసే వెరిలాగ్ భాషలో రాసి గిట్‌హబ్ అనే కోడ్ దాచుకునే సైటులో పెడితే చాలు, అక్కడి సర్వరే సింథసిస్ (కోడ్‌ని గేట్లుగా మార్చడం) నుంచి లేఅవుట్ దాకా మొత్తం నడిపేస్తుంది. లోపల పనిచేసేవి యోసిస్, ఓపెన్‌రోడ్ అనే ఉచిత టూల్స్. ఓపెన్‌రోడ్ కూడా యూనివర్సిటీ పరిశోధనలోంచే వచ్చింది, శాన్ డియెగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఆండ్రూ కాంగ్ బృందం మొదలుపెట్టింది. లైసెన్సు గొడవ లేదు, సర్వర్ గొడవ లేదు. మా ల్యాబ్‌లో నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్లలోంచే పని జరిగిపోయింది. వెరిలాగ్ రానివాళ్లకు వోక్వీ అనే సైటులో గేట్లు లాగి అతికించుకునే వీలు కూడా ఉంది. సెకండియర్ పిల్లలకు దాంతోనే మొదలుపెట్టించండి.

మా పిల్లలు పెట్టిన డిజైన్లలో నాకు బాగా నచ్చింది ఒక ఫైనలియర్ అమ్మాయిది. తను మృదంగం నేర్చుకుంటోంది. తాళం చిప్ చేస్తానంది. స్విచ్‌లతో ఆది, రూపకం, మిశ్రచాపు, ఖండచాపు ఎంచుకుంటే అంకెలు చూపే సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లే మీద తాళం అక్షరాల లెక్క నడవాలి, స్పీకర్‌లో ఠక్ ఠక్ మనాలి, సమం, అంటే తాళం మొదలయ్యే చోట శబ్దం మారాలి. వినడానికి చిన్నదే. మొదట నిమిషానికి ఇన్ని దెబ్బలని తీసుకుని, దాంతో భాగించి దెబ్బకీ దెబ్బకీ మధ్య వ్యవధి లెక్కగట్టేలా రాసింది. వెరిలాగ్‌లో భాగహారం గుర్తు ఒక్క అక్షరమే, సిలికాన్‌లో మాత్రం అది టైల్ మొత్తాన్నీ మింగేస్తుంది. స్థలం వంద శాతం దాటిందని గిట్‌హబ్ ఎర్ర గుర్తు పెట్టింది.

తర్వాత ఆ అమ్మాయి చేసిన ఉపాయం చూడండి. క్లాక్‌ని ఒక కిలోహెర్ట్జ్‌కి, అంటే సెకనుకి వెయ్యి టిక్కులకు తగ్గించింది. ప్రతి మిల్లీ సెకనుకీ నిమిషానికి ఇన్ని దెబ్బలనే ఆ వేగం సంఖ్యని చిప్‌లో సంఖ్యలు దాచుకునే ఒక రిజిస్టరులో కూడుతూ పోవడం, మొత్తం 60,000కి చేరినా దాటినా అంత తీసేసి ఒక దెబ్బ వేయడం. వేగం 60 అయితే వెయ్యి మిల్లీ సెకన్లకు సరిగ్గా 60,000 అవుతుంది, అంటే సెకనుకో దెబ్బ. 120 అయితే అర సెకనుకి. భాగహారమే లేదు, పదహారు బిట్ల కూడిక ఒక్కటే. టైల్‌లో సగం ఖాళీ మిగిలింది. ల్యాబ్ మాన్యువల్‌లో ఉన్న ఏ ప్రయోగమూ ఇది నేర్పదు. ఎందుకంటే మా సిమ్యులేటర్‌లో భాగహారానికీ కూడికకీ ఒకే ధర, రెండూ ఉచితమే.

చిప్ వచ్చాక ఇంకో తమాషా జరిగింది. వేగం పెంచే స్విచ్ ఒక్కసారి తోస్తే 80 నుంచి 81కి వెళ్లాలి కదా, 83కో 84కో పోతోంది. సిమ్యులేషన్‌లో అన్ని టెస్టులూ పాసయ్యాయి మరి! స్విచ్ లోపల రేకులు తాకేటప్పుడు కొన్ని మిల్లీ సెకన్ల పాటు ఎగిరెగిరి పడతాయి, మిల్లీ సెకనుకోసారి చూసే చిప్ ప్రతి ఎగురునీ ఒక నొక్కుగా లెక్కేస్తోంది. టెస్టుబెంచిలో, అంటే సిమ్యులేషన్‌లో పరీక్షించే కోడ్‌లో, స్విచ్ ఎప్పుడూ శుభ్రంగా సున్నా నుంచి ఒకటికి వెళుతుంది. ఈ ఎగురుళ్లను వడగట్టే డీబౌన్స్ గురించి నేను ఏటా చెబుతూనే ఉన్నాను, వాళ్లు ఏటా పరీక్షలో రాస్తూనే ఉన్నారు. ఆ రోజు ల్యాబ్‌లో ఉన్న ఎవరికీ ఇక అది బట్టీ పట్టాల్సిన పని లేదు. చిప్‌ని మార్చలేం కాబట్టి స్విచ్‌ని పక్కనపెట్టి, చిప్‌తో వచ్చిన బోర్డు మీదున్న మైక్రోకంట్రోలర్ అనే బుల్లి కంప్యూటర్ నుంచి ఇన్‌పుట్ పంపించి పని కానిచ్చాం.

బోర్డు గురించి చెప్పాలి. చాలా బాగా చేశారు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. చిప్ ఒక చిన్న బోర్డు మీద ఉండి పెద్ద బోర్డులోకి గుచ్చుకుంటుంది. పక్కన ఆర్‌పీ2040 మైక్రోకంట్రోలర్, ఇన్‌పుట్ స్విచ్‌ల వరుస, ఒక సెవెన్ సెగ్మెంట్. యూఎస్‌బీ తగిలించి బ్రౌజర్‌లో కమాండర్ అనే పేజీ తెరిస్తే అక్కడే డిజైన్ నంబరు ఎంచుకోవచ్చు, క్లాక్ వేగం మార్చుకోవచ్చు. డ్రైవర్లు, ఇన్‌స్టలేషన్ లాంటి తలనొప్పి లేదు. మైక్రోకంట్రోలర్ల కోసం చేసిన మైక్రోపైథాన్ భాష వస్తే టెస్టులు కూడా రాసుకోవచ్చు.

ఇక డబ్బు. టైల్‌కి ఒక ధర, బోర్డుకి ఒక ధర, షటిల్‌ని, అంటే అందరి డిజైన్లూ కలిపి ఫ్యాబ్‌కి పంపే విడతని బట్టి మారుతుంటాయి. టైలూ బోర్డూ కలిపి యూరోల్లో కొన్ని వందలు అనుకోండి. మన దగ్గరికి వచ్చేసరికి కస్టమ్స్, జీఎస్టీ అదనం. విదేశీ చెల్లింపు కాబట్టి కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌తో మీకు వేరే యుద్ధం ఉంటుంది. మా పర్చేజ్ కమిటీ మూడు కొటేషన్లు తెమ్మంది. ప్రపంచంలో ఇలాంటిది ఇంకెవరూ అమ్మట్లేదని లెటర్ రాసి, దానికి ప్రిన్సిపాల్ గారి సంతకం తెచ్చి, ఆ ఫైలు కదిలేసరికి మేం అనుకున్న షటిల్ గడువు కాస్తా దాటిపోయింది. ఇది ఆ సర్వీసు తప్పు కాదు కాబట్టి మార్కులు తగ్గించలేదు.

మార్కు తగ్గించింది సమయానికి. డిజైన్ పంపాక చిప్ రావడానికి నెలలు పడుతుంది, అర ఏడాది దాటడం మామూలే. ఫైనలియర్‌లో పంపితే చిప్ వచ్చేసరికి పిల్లలు కాలేజీలో ఉండరు. దానికి తోడు ఈ సర్వీసు ఇతరుల మీద ఆధారపడుతుంది. మొదట్లో షటిల్స్ ఎఫాబ్లెస్ అనే కంపెనీ ద్వారా మినసోటాలోని స్కైవాటర్ ఫ్యాబ్‌కి వెళ్లేవి. 2025 మార్చిలో ఎఫాబ్లెస్ మూతపడింది. అప్పటికే డిజైన్లు పంపిన వాళ్లందరికీ టెన్షనే టెన్షన్. అయితే టైనీ టేపౌట్ వాళ్లు చేతులెత్తేయలేదు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్ అనే ఊళ్లో ఐహెచ్‌పీ అనే పరిశోధన సంస్థ ఉంది, దాని 130 నానోమీటర్ల (చిప్ మీద గీతల సన్నదనాన్ని చెప్పే అంకె) ఫ్యాబ్‌లో షటిల్స్ నడిపారు. స్కైవాటర్‌కి కూడా వేరే దారిలో మళ్లీ వెళ్లారు. ఏ షటిల్ ఏ ఫ్యాబ్‌కి వెళుతుందో చూసుకుని డబ్బు కట్టండి.

అసలు ప్రశ్న, తల్లిదండ్రులు అడిగేది: దీనితో ఉద్యోగం వస్తుందా? నేరుగా రాదు. హైదరాబాద్‌లో ఏఎండీ, క్వాల్‌కామ్, ఇంటెల్, మైక్రాన్ లాంటివి ఉన్నా అక్కడ జరిగేది డిజైన్, వెరిఫికేషన్ (డిజైన్‌లో తప్పులు వెతకడం). చిప్‌లుండే సిలికాన్ పలక, అంటే వేఫర్ తయారీ కాదు. ఉద్యోగాల్లో పెద్ద వాటా వెరిఫికేషన్‌దే, దానికి సిస్టమ్‌వెరిలాగ్ భాష, యూవీఎం అనే టెస్టింగ్ పద్ధతి రావాలి. టైనీ టేపౌట్‌లో టెస్టులు పైథాన్‌లో కోకోటీబీ అనే లైబ్రరీతో రాయిస్తారు. మంచిదే, కానీ ఇంటర్వ్యూలో అడిగేది వేరు. కంపెనీలు వాడే సినాప్సిస్, కేడెన్స్ సంస్థల టూల్స్ మీద చెయ్యి తిరగాలంటే ఇది సరిపోదు. అలాగని లక్షకు పైగా ఫీజు గుంజి ఆరు నెలలు స్లైడ్లు చూపించే కోచింగ్ సెంటర్‌కి వెళ్లమని నేను చెప్పను. అలాంటి ఒకచోట చేరిన మా పాత విద్యార్థి ఒకడు సింక్రనైజర్ (బయటి సిగ్నల్‌ని క్లాక్‌కి సరిపెట్టే సర్క్యూట్) ఎందుకో చెప్పలేకపోయాడు. టూల్‌లో ఏ మెనూ ఎక్కడుందో మాత్రం గడగడా చెప్పాడు.

మన ప్రభుత్వం వైపు నుంచి కూడా ఒక దారి ఉంది, దాన్ని వదలకండి. చిప్స్ టు స్టార్టప్ పథకం కింద బెంగళూరులో సీడాక్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలోని చిప్‌ఇన్ కేంద్రం ఎంపికైన కాలేజీలకు సినాప్సిస్, కేడెన్స్, సీమెన్స్ టూల్స్ అందిస్తోంది. ఐదేళ్లలో 85,000 మందిని తయారుచేయాలన్నది ఆ పథకం లక్ష్యం. విద్యార్థుల డిజైన్లను మొహాలీలోని సెమీ కండక్టర్ ల్యాబొరేటరీలో 180 నానోమీటర్లలో చేయిస్తున్నారు కూడా. ఐఐటీ మద్రాస్ వాళ్ల శక్తి ప్రాసెసర్లలో ఒకటి 2018లో తయారైంది అక్కడే, ఇస్రో కోసం చేసిన విక్రమ్ 3201 ప్రాసెసర్ తయారైందీ అక్కడే. ఈ పథకంలో మీ కాలేజీ ఉంటే అనలాగ్ డిజైన్లకీ పెద్ద డిజైన్లకీ ఆ దారే మేలు. ఎంపిక కాని మాలాంటి కాలేజీలకు, అనుమతుల కోసం తిరగకుండా కార్డుతో డబ్బు కట్టి డిజైన్ పంపడానికి నాకు కనిపించిన దారి టైనీ టేపౌట్.

2025 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ ఆంధ్రప్రదేశ్‌కి ఒక చిప్ ప్యాకేజింగ్ ప్లాంట్ (తయారైన చిప్‌లకు తొడుగు, కాళ్లు బిగించేది) మంజూరు చేసింది, ఏసిప్ అనే కంపెనీది, కొరియా సంస్థ సాంకేతిక సహకారంతో ఏడాదికి 9.6 కోట్ల యూనిట్ల సామర్థ్యం. అప్పటి నుంచి మా స్టాఫ్ రూంలో సెమీ కండక్టర్ మాట ఎక్కువైంది. ప్యాకేజింగ్‌లో కావాల్సింది వెరిలాగ్ కాదు, టెస్టింగ్, మెటీరియల్స్, మెకానికల్ వాళ్లు. ఆ పేరు చెప్పి ఈసీఈ సీట్లు అమ్ముకునే కాలేజీల మాట నమ్మకండి.

సొంత డబ్బు పెట్టే విద్యార్థికి నా సలహా: ముందు డిజైన్ మొత్తం గిట్‌హబ్‌లో నడిపించుకోండి. లేఅవుట్ వచ్చేదాకా పైసా ఖర్చు లేదు, త్రీడీలో తిప్పి చూసుకోవచ్చు కూడా. నేర్చుకునేదాంట్లో ముప్పాతిక వంతు అక్కడే ఉంది. తర్వాత ఎఫ్‌పీజీఏ (ఎన్నిసార్లైనా కొత్త డిజైన్ ఎక్కించుకోగల చిప్) బోర్డు మీద నడిపి చూడండి, స్విచ్ ఎగురుళ్లు అక్కడే బయటపడతాయి. చిప్ కావాలనిపిస్తే అప్పుడు నలుగురు కలిసి కొనండి.

లెక్చరర్లకు ఒక చిట్కా. డిజైన్‌కో బోర్డు కొనకండి. ఆ షటిల్‌లోని ప్రతి చిప్ మీదా అందరి డిజైన్లూ ఉంటాయి కాబట్టి పది మంది విద్యార్థులకి పది టైళ్లు, రెండు బోర్డులు చాలు. థర్డ్ ఇయర్ మొదటి సెమిస్టర్‌లోనే పంపించండి, చిప్ వచ్చేసరికి పిల్లలు ఇంకా కాలేజీలోనే ఉంటారు. బోర్డుని మానిటర్‌కి తగిలించే వీజీఏ అడాప్టర్ కూడా తెప్పించుకోండి. ఎక్కడెక్కడి వాళ్లో పెట్టిన డిజైన్లలో మానిటర్ మీద బొమ్మలు ఆడించేవి బోలెడుంటాయి, ల్యాబ్ అవర్ అయిపోయినా మా పిల్లలు వాటిని వదిలి లేవట్లేదు.