రోజుకో ప్రెప్ మాత్ర: పద్నాలుగు నెలలు వాడాక

హెచ్‌ఐవీ సోకకముందే రక్షణగా వాడే ప్రెప్ మాత్రను పద్నాలుగు నెలలుగా ప్రతి రాత్రీ వేసుకుంటున్నాను. నేను హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న గే పురుషుణ్ణి. మొదలుపెట్టే ముందు వాడినవారి అనుభవం తెలుగులో చదవాలని ఎంత వెతికినా నాకు దొరకలేదు కాబట్టి, నా తర్వాత వెతికేవారి కోసం ఇది రాస్తున్నాను.

మాత్రలో టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ ఫ్యూమరేట్ 300 మిల్లీగ్రాములు, ఎమ్‌ట్రిసిటబిన్ 200 మిల్లీగ్రాములు ఉంటాయి. వైరస్ మన కణంలో చేరి సంఖ్య పెంచుకోవడానికి అవసరమైన ఎంజైమును ఇవి అడ్డుకుంటాయి. ఇది ఎంతవరకు పనిచేస్తుందని అడిగేవారికి నేను 2010లో వెలువడిన ఐప్రెక్స్ అధ్యయనాన్ని చూపిస్తాను. ఆరు దేశాల్లో 2,499 మంది గే పురుషులు, ట్రాన్స్ మహిళలపై జరిగిన ఆ అధ్యయనంలో, మాత్రలు అందుకున్నవారందరినీ కలిపి చూస్తే హెచ్‌ఐవీ ముప్పు 44 శాతమే తగ్గింది. రక్తంలో మందు ఆనవాలు కనిపించినవారిని విడిగా చూస్తే మాత్రం 92 శాతం తగ్గింది. డబ్బా ఇంట్లో ఉండటానికీ మాత్ర కడుపులో పడటానికీ ఉన్న తేడా అంత. అందుకే రాత్రి భోజనం కాగానే వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. మొదటి మూడు వారాలు కడుపులో తిప్పినట్టు ఉండేది, అప్పుడప్పుడు తలనొప్పి వచ్చేది; ఆ తర్వాత రెండూ పోయాయి.

మాత్ర కంటే ముందు పరీక్షలు చేయించుకోవాలి, వీటిని ఎవరూ దాటవేయకూడదని నా గట్టి అభిప్రాయం. హెచ్‌ఐవీ లేదని నిర్ధారించుకోకుండా మొదలుపెడితే, అప్పటికే ఒంట్లో ఉన్న వైరస్ ఈ రెండు మందులకూ లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. హెపటైటిస్-బి ఉన్నవారు మాత్రలు హఠాత్తుగా మానేస్తే ఆ జబ్బు తిరగబెట్టవచ్చు. మూత్రపిండాల పనితీరు తెలియడానికి క్రియాటినిన్ కూడా చూడాలి. మూడు నెలలకోసారి హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి, దాన్ని ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీలో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రంలో) ఉచితంగా చేస్తారు. మిగతా సుఖవ్యాధులను ఈ మాత్ర ఆపదు. నా రెండో విడత పరీక్షల్లో ఏ లక్షణమూ లేకుండానే సిఫిలిస్ ఉన్నట్టు తేలింది, పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమైంది. అప్పటినుంచి కండోమ్ విషయంలో మళ్లీ శ్రద్ధగా ఉంటున్నాను.

మందులో నాకు లోపం కనిపించలేదు, అది దొరికే తీరులోనే కనిపించింది. మొదటిసారి వెళ్లిన మెడికల్ షాపులో కౌంటర్ దగ్గరి కుర్రాడు చీటీ చదివి, డబ్బా పైకెత్తి, లోపల ఉన్న యజమానిని “అన్నా, ఇది ఎయిడ్స్ మందే కదా?” అని గట్టిగా అడిగాడు. వరుసలో ఉన్న నలుగురూ నావైపు తిరిగి చూశారు. నేను మందు తీసుకోకుండానే బయటికి వచ్చేశాను, మళ్లీ ఇంకో షాపుకు వెళ్లడానికి పదకొండు రోజులు పట్టింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) 2022లోనే ప్రెప్‌పై మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి కౌంటర్ వెనక నిలబడేవారి దాకా చేరాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

నేను అక్కా అని పిలిచే ఒక ట్రాన్స్ మహిళ కూడా ఇదే మాత్ర వాడుతోంది. కలయికకు 2 నుంచి 24 గంటల ముందు రెండు, ఆ తర్వాత 24 గంటలకొకటి చొప్పున మరో రెండు వేసుకునే పద్ధతి చాలని ఆమెకు ఎవరో చెప్పారు. పురుషులకు సరిపోయే ఆ పద్ధతిని ఈస్ట్రోజెన్ హార్మోన్లు వాడేవారికి సిఫారసు చేయరనీ, ఆమె రోజూ వేసుకోవాల్సిందేననీ డాక్టరు వివరించారు. ఇవే మందులను హెచ్‌ఐవీ చికిత్సలోనూ వాడతారు కాబట్టి, డబ్బా ఎవరి కంటబడినా తనకు జబ్బు ఉందనుకుంటారని ఆమె భయం. మాత్రలను వేరే సీసాలో పోస్తే తేమ తగులుతుంది. అందుకని డబ్బా మీది లేబుల్‌ను గోటితో ఒలిచి, గడువు తేదీ ఉన్న ముక్కను మాత్రం వదిలి, తేమ పీల్చే పొట్లంతో సహా మాత్రలను అదే డబ్బాలో ఉంచుకుంటుంది.

మందుకు నేను ఐదుకు ఐదు ఇస్తాను. అమ్మే తీరుకు రెండు కంటే ఎక్కువ ఇవ్వలేను.

హెచ్‌ఐవీ సోకకుండా ఆరు నెలలకోసారి తీసుకునే లెనాకపవిర్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2025 జూన్‌లో అనుమతి వచ్చింది. తక్కువ ధరకు దాన్ని తయారుచేసే లైసెన్సు పొందిన కంపెనీల్లో మన హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఉన్నాయి. 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు ఏడాదికి మనిషికి సుమారు 40 డాలర్లకే అందిస్తామని ప్రకటన కూడా వచ్చింది. ఈ సంగతి చెప్పినప్పుడు అక్క ధర అడగలేదు, సూది నొప్పి గురించి అడగలేదు. “అంటే ఇంట్లో దాచుకోవాల్సిన డబ్బా ఉండదు కదా, తమ్ముడూ?” అని అడిగింది.