పద్దెనిమిది వందల యాభై రూపాయల బిళ్ల

హన్మకొండకు సైన్సు సామాను కొనడానికి వెళ్లేవాళ్లు సంచిలో ఒక పాత సీడీ పెట్టుకోండి. పాటలకు కాదు. దేనికో చెప్తాను, కానీ ముందు నా 1,850 రూపాయల ఏడుపు వినాలి.

నేను జగిత్యాల దగ్గర జెడ్‌పీ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి పిల్లలకు ఆకు ఎర్రగా వెలగడం చూపించాలని ఈసారి పట్టుబట్టాను. పాలకూరను సర్జికల్ స్పిరిట్‌లో నలిపి, వడగట్టి, చీకట్లో నీలం టార్చి కొడితే ఆ పచ్చటి రసం నెత్తురులా ఎర్రగా మెరుస్తుంది. దానికి ఫిల్టరు అక్కర్లేదు, ఏటా చేస్తూనే ఉన్నాను. చెట్టు మీదున్న ఆకుతోనే చిక్కు. అది పీల్చుకున్న వెలుతురులో నూటికి ఒకటి రెండు పాళ్లే ఎరుపుగా బయటికి వదులుతుంది. టార్చి నీలం ఆకు మీద పడి తిరిగొచ్చి కంట్లో కొడుతుంటే ఆ కాస్త ఎరుపు ఎక్కడ ఆనుతుంది? నీలాన్ని ఆపేసి, అంతకంటే పొడుగు తరంగాలను మాత్రం వదిలే ఫిల్టరు కావాలి. లాంగ్‌పాస్ అంటారు. నా టార్చి నీలం తరంగం పొడుగు 450 నానోమీటర్లు, ఆకు ఎరుపుది 680 దగ్గర. మధ్యలో 500 నుంచి 600 దాకా ఎక్కడ తెగినా, అంటే ఎక్కడి నుంచి వదలడం మొదలుపెట్టినా, నాకు సరిపోతుంది.

ఆన్‌లైన్‌లో మూడు వారాలు పడుతుందన్నారు. చేతిలో ఉన్నవి తొమ్మిది రోజులు. వరంగల్‌లో ఎన్‌ఐటీ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది, అన్ని ల్యాబులకు సామాను అమ్మే కొట్టు ఒకటైనా ఉండదా అనుకున్నాను. మా ఆవిడ భద్రకాళి అమ్మవారిని, రామప్పను చూడాలంది. సెలవుల్లో ఇంటికొచ్చిన మా బావమరిది లక్నవరం అన్నాడు. సరే పదండి అన్నాను. కరీంనగర్‌లో బస్సు మారి, హుజూరాబాద్ మీదుగా హన్మకొండ. మగవాళ్లిద్దరికీ కలిపి 390 అయింది. మా ఆవిడకు జీరో టికెట్. ఆ టికెట్టును ఆమె దారి పొడుగునా మా ఇద్దరికీ చూపిస్తూనే ఉంది.

బస్టాండుకు దగ్గరగా ఉందని ఒక లాడ్జిలో దిగాం. ఏసీ రూము 1,600, మా బావమరిది పరుపుకు ఇంకో 400. నేను 500 నోట్లు ఇస్తే మేనేజరు ఒక్కొక్కటి తీసి కౌంటరు మీది యూవీ దీపం కింద పెట్టి, నంబర్లు వెలుగుతున్నాయో లేదో చూసుకున్నాడు. మా ఆవిడకు కోపమొచ్చింది. మా బావమరిదికి మాత్రం ఆ దీపం తెగ నచ్చింది. సాయంత్రానికల్లా స్టేషన్ రోడ్డు ఫుట్‌పాత్ మీద 220 పెట్టి అలాంటి టార్చి ఒకటి కొనుక్కొచ్చాడు. అప్పట్నుంచి చాయ్ కొట్టువాడు చిల్లర ఇచ్చినా టార్చి తీయడమే.

ఇక కొట్టు సంగతి. సైంటిఫిక్ సామాను అమ్మే ఆ షాపులో గోడ నిండా బీకర్లు, బ్యూరెట్లు, ఒక మూల అస్థిపంజరం. చూడగానే నమ్మకం కుదిరింది. నాకు కావలసింది చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి వెల్వెట్ డబ్బాలో 50 మిల్లీమీటర్ల నారింజ రంగు బిళ్ల తెచ్చాడు.

"ఇంపోర్టెడ్ సార్. డైక్రోయిక్."

"ఏ తరంగాన్ని ఎంత వదులుతుందో చూపే ట్రాన్స్‌మిషన్ గ్రాఫ్ ఉందా?"

"గ్రాఫ్ ఎందుకు సార్, కలర్ కనిపిస్తలేదా?"

ఆ మాటకే లేచి రావాల్సింది. రాలేదు. 2,200 చెప్పాడు, బేరమాడితే 1,850కి దిగాడు. బిల్లు అడిగితే 18 శాతం జీఎస్టీ అదనం అన్నాడు, వద్దన్నాను. ఆ 333 రూపాయలు మిగిల్చుకున్న తెలివి నాది.

రాత్రి పరీక్షిద్దామంటే రూములో చీకటి లేదు. తలుపు పైన వెంటిలేటరు అద్దంలోంచి కారిడార్ ట్యూబ్‌లైటు సరిగ్గా మంచాల మీదే పడుతోంది. కాసేపు ఆపమంటే సీసీ కెమెరాకు కనపడదని మేనేజరు ఒప్పుకోలేదు. మిగిలింది బాత్రూమ్. ముగ్గురం దూరి తలుపు వేసుకున్నాం. గీజరు మీద ఎర్ర బుడ్డి దీపం, దానికి తువ్వాలు చుట్టాం. కుళాయి బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది. మా బావమరిది రిసెప్షన్‌లోని మనీప్లాంట్ ఆకు ఒకటి తెంపుకొచ్చాడు. టార్చి వేసి బిళ్లలోంచి చూశాను. ఆకు లేదు, ఎరుపు లేదు. బిళ్లే వెలుగుతోంది! అంచు చుట్టూ నిప్పు కణికలా నారింజ కాంతి, దాని వెనక అంతా మసక మసక. నీలం తగలగానే తనే వెలిగే రంగు కలిపిన యాక్రిలిక్ అది. కంటి ముందు పెట్టే ఫిల్టరుకు ఇంతకంటే పెద్ద జబ్బు లేదు. చిన్న వెలుగును పట్టుకోవడానికి తెచ్చుకున్న వస్తువు తనే దీపమై కూర్చుంటే ఇంకేం కనిపిస్తుంది?

మర్నాడు ఆటో ఎక్కితే వెనక ఒక సీడీ వేలాడుతోంది. 20 రూపాయలిచ్చి తీసుకున్నాను. సీడీ మీద గీతలు 1.6 మైక్రాన్ల ఎడంలో ఉంటాయి, అందుకే అది తెల్ల వెలుతురును ఇంద్రధనుస్సుగా విడగొడుతుంది. ఫోను లైటు ముందు సన్నని సందు పెట్టి సీడీ మీద వాలుగా పడేస్తే తెల్ల ఎల్‌ఈడీ గుట్టు తెలుస్తుంది: 450 దగ్గర నీలం దిమ్మ, పక్కన ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా పరుచుకున్న పట్టీ. మధ్యలో ఫిల్టరు పెడితే నీలం దిమ్మ మాయం కావాలి. నా బిళ్ల పెడితే కాస్త డల్ అయింది, అంతే. ఇంకో పరీక్షకు సీడీ కూడా వద్దు. నిజమైన డైక్రోయిక్ పల్చటి పొరల పూత. ముఖం మీద అద్దంలా మెరుపుంటుంది, పక్కకు వంచితే తెగే చోటు నీలం వైపు జరిగి రంగు మారుతుంది. నా బిళ్లను ఎన్ని వంకర్లు తిప్పినా అదే నారింజ. గోటితో గీస్తే గీత పడింది.

కొట్టుకు తిరిగి వెళ్లాను. అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు అనే బోర్డు నిన్న నాకు కనపడలేదు, ఇవాళ మొదట అదే కనపడింది. "సైన్స్ సార్లంతా గిట్లనే అంటరు" అన్నాడు ఓనరు, నా వైపు చూడకుండానే. బిల్లు లేదు కాబట్టి నా నోరూ లేవలేదు. పోనీ, కొలిపించి కాగితం తెద్దామని ఒక పెద్ద కాలేజీకి పోతే గేటు దగ్గరే ఆపేశారు. హెడ్‌మాస్టర్ లెటర్ కావాలట. లెటర్ తెచ్చినా సార్ లీవులో ఉన్నాడట.

మా ఆవిడ ఆ పూట భద్రకాళి గుడికి పోయొచ్చి ప్రశాంతంగా ఉంది. నా ముఖం చూసి, మా అన్న పెళ్లి స్టేజీ మీద రంగు రంగుల లైట్లు వేసినవాళ్లను అడక్కపోయారా అంది. ఏదో నోటికొచ్చింది అంది గాని, అదే దారి చూపింది.

ముందు ఒక ఫొటో స్టూడియోలో అడిగాను. ఆయన యూవీ ఫిల్టరు చూపించి, 350 చెప్పి, వెంటనే తనే ఆపాడు: "ఇది యూవీని ఆపేది సార్, పంపేది కాదు." పేరు చూసి మోసపోయేవాళ్లు చాలామంది ఉంటారు. అమ్ముకోకుండా ఆ మాట చెప్పినందుకు దండం పెట్టి, ఆయన చెప్పిన అడ్రసు పట్టుకుని మండిబజార్ వైపు ఒక సందులోకి వెళ్లాం. స్టేజీలకు, పెళ్లిళ్లకు లైట్లు కిరాయికిచ్చే షెడ్డు అది. పెద్దాయన వైర్లు చుడుతూ కూర్చున్నాడు.

"జిలెటిన్ కాగితాలా? ఇప్పుడెవ్వలు అడుగుతలేరు సారూ. అన్నీ ఎల్‌ఈడీ పార్ లైట్లే. రిమోట్ కొడితే రంగు మారుతది."

పాత హాలోజన్ లైట్ల కాలంలో వాటి ముందు పెట్టిన రంగు షీట్ల ముక్కలు బీరువా కింద చుట్టలు చుట్టి ఉన్నాయి. వేడికి వెలిసిపోయినవి, అంచులు కాలినవి తీసేసి మంచివి ఏరిచ్చాడు. ఆ చుట్టలకంటే నన్ను ఆకట్టుకుంది ఆయన సొరుగులోని లీ కంపెనీ శాంపిల్ పుస్తకం. బొటనవేలంత రంగు ఆకులు, ఒక్కోదానికి నంబరు, పక్కన ఆ రంగు గ్రాఫు. నిన్న సైంటిఫిక్ షాపులో దొరకని గ్రాఫు ఇక్కడ కాలిన ప్లగ్గుల మధ్య దొరికింది! 101 పసుపు, 105 నారింజ, 119 ముదురు నీలం తీసుకున్నాను. జానెడు ముక్కలు, మొత్తం 60 రూపాయలు. ఇంకో ముక్క ఊరికే ఇచ్చి, మాకు చాయ్ కూడా తెప్పించాడు. అక్కడే సీడీతో చూశాను. 105 ఒక పొర పెడితే నీలం దిమ్మలో చిన్న మరక మిగిలింది, రెండు పొరలకు పోయింది. లెక్క తేలికే. ఒక పొర వందో వంతు వదిలితే రెండు పొరలు పదివేలో వంతే వదులుతాయి. ఫిల్టర్లవాళ్లు దాన్నే ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ) 2, ఓడీ 4 అని పెద్ద పేర్లతో అమ్ముతారు.

స్టేషనరీ షాపుల్లో పువ్వులు చుట్టే గ్లాస్ పేపరు కూడా ఇలాగే కనిపిస్తుంది. అది వద్దు, దాంట్లోంచి రంగులన్నీ కారతాయి.

రామప్ప గురించి పెద్దగా రాయను. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, చూడనివాళ్లు వెళ్లి చూడండి. లక్నవరం బావుంది, మా బావమరిది ఫోను నిండింది.

రాయాల్సింది పాలంపేట దగ్గర దొరికిన ఇంటి భోజనం గురించి. బోర్డు లేదు, ఆటో అతను తీసుకెళ్లాడు. మనిషికి 150. జొన్న రొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు. కోడి ముక్క ఎముకను అంటిపెట్టుకుని ఉంది, కారం ముక్కులోంచి నీళ్లు తెప్పించింది. తిని తిని లేవలేక, ఆ రాత్రికి వెనక గది 500కి మాట్లాడుకున్నాం. ఫ్యాను లేదు, దోమలున్నాయి, మంచం కిర్రుమంటుంది. చీకటి మాత్రం ఫస్ట్‌క్లాస్. 2,000 పెట్టిన లాడ్జిలో లేనిది అదొక్కటే కదా.

పెరట్లో చిక్కుడు పందిరి ఉంది. టార్చి మూతికి 119 నీలం కట్టాను, టార్చిలో దొంగచాటుగా ఉండే ఆకుపచ్చ కూడా రాకుండా. కంటి ముందు రెండు పొరల 105. టార్చి వేశాను. పందిరి మొత్తం ముదురు ఎరుపుగా, ఈనెలు నల్లగా తేలాయి. మా ఆవిడ నోట మాట లేదు, నా చేతిలోంచి కాగితం లాక్కుని తనే చూసింది. సి.వి.రామన్ 1928లో చేసిందీ ఈ తరహాలోనే: సూర్యకాంతికి ఊదా ఫిల్టరు, కంటి వైపు దాన్ని ఆపే ఇంకో ఫిల్టరు, మధ్యలో ద్రవం. రెండు ఫిల్టర్లు కలిసి పూర్తిగా చీకటి కావాలి. అయినా ఏదైనా కనిపిస్తే అది వస్తువు ఇచ్చిన కొత్త వెలుగు. పిల్లలకు ఇదే చెప్పబోతున్నాను.

అప్పుడు ఆ ఇంటామె, "మా గోడల తేళ్లున్నయ్ సారూ, జర చూసి నడువుండ్రి" అంది. మా బావమరిది నోట్ల టార్చి తీశాడు. అది 395 నానోమీటర్లది, యూవీ అంటారు గాని ఊదా వెలుతురు బాగానే చిమ్ముతుంది. రాళ్లన్నీ ఊదాగా కనిపించాయి, తేలు ఆనలేదు. 101 పసుపు కాగితం ఒక పొర కంటి ముందు పెట్టుకున్నాను. ఊదా అంతా ఆరిపోయింది. పొయ్యి పక్కన రాతి సందులో ఆకుపచ్చగా, గాజుతో చేసినట్టు, కొండితో సహా ఒక తేలు. గట్టిపడ్డ పెంకు మెరుస్తుంది, కొత్తగా కుబుసం విడిచినది మెరవదు.

ఆమె కాగితం తీసుకుని చాలాసేపు చూసింది.

"గిన్నేండ్ల సంది గిది నా పొయ్యి పక్కన గిట్ల మెరుసుకుంట ఉన్నదా?"

తర్వాత పట్టకారు తెచ్చింది. దాని సంగతి ఏమైందో మా ఆవిడ చూడనివ్వలేదు.

ముగ్గురికి అన్నీ కలిపి 7,140 అయింది. సైన్స్ దినోత్సవం బాగా జరిగింది. మేడమ్‌లు కూడా లైనులో నిలబడి చిక్కుడాకు చూశారు. 105 కాగితం ఇంకా రెండు జానెళ్లు మిగిలింది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు సైన్స్ సార్లెవరికైనా కావాలంటే కోసిస్తాను. దానితో పాటు వెల్వెట్ డబ్బా, అందులో నారింజ బిళ్ల కూడా ఊరికే ఇస్తాను. బిల్లు మాత్రం అడగొద్దు.