తిరుపతి చుట్టూ చేతిపనులు: ఎక్కడ కొనాలి, ఎక్కడ పని చూడాలి, పాత బట్టలతో ఎక్కడికి వెళ్లాలి

కొనడానికి వెళ్తున్నారా, పని చూడడానికి వెళ్తున్నారా అన్నది ముందు తేల్చుకోండి. కొనడమే అయితే తిరుచానూరు రోడ్డులోని శిల్పారామం, ప్రభుత్వ లేపాక్షి ఎంపోరియం చాలు. అరపూటలో అయిపోతుంది. లేపాక్షిలో బేరాలుండవు, బిల్లు చేతికిస్తారు. శిల్పారామానికి మేళా ఉన్నప్పుడు వెళ్తేనే బాగుంటుంది, మిగతా రోజుల్లో స్టాళ్లు పలచగా ఉంటాయి. రెండుచోట్లా తయారైన సరుకే కనిపిస్తుంది. పని చూడాలంటే, బట్టపై బొమ్మలు వేసే కలంకారీకి శ్రీకాళహస్తి, కొయ్య చెక్కడానికి మాధవమాల వైపు బస్సెక్కాల్సిందే.

తిరుపతి బస్టాండు నుంచి శ్రీకాళహస్తికి బస్సులకు కొదవలేదు, దూరం నలభై కిలోమీటర్లలోపే. ఆదివారం మాత్రం వద్దు. రాహుకేతు పూజల జనంతో ఊరు కిక్కిరిసిపోతుంది. నవంబరు కూడా వద్దు. ఈశాన్య రుతుపవనాల వానల్లో బట్ట ఆరదు, పని ఆగిపోతుంది. జనవరి నుంచి మార్చి వరకు అటు ఎండ సరిపోతుంది, ఇటు చూడవచ్చినవాళ్లూ తట్టుకోగలరు.

ఇక్కడి కలంకారీ కలంతో వేసేది, అచ్చులతో అద్దే మచిలీపట్నం పనితో దీన్ని కలపకూడదు. వెదురు పుల్లకు ఉన్నో గుడ్డో చుట్టి దారం కడితే కలం తయారు. గీత గీస్తున్నప్పుడు ఆ చుట్టను వేళ్లతో నొక్కి రంగు వదులుతారు. నలుపు కోసం కాసీమి వాడతారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి కుండలో పదిహేను ఇరవై రోజులు పులియబెడితే వచ్చే ద్రవమది. పసుపు రంగుకు దానిమ్మ తొక్క కూడా పనికొస్తుంది. పారేసే వస్తువుకు కొత్త బతుకు ఇవ్వడమంటే ఏమిటో తెలియాలంటే ప్రదర్శన స్టాలు కన్నా ఈ తుప్పు కుండ ముందు కూర్చోవడం మేలు.

కొన్నిచోట్ల అడిగితే ఒక పూట నేర్పుతారు, ఇంటి నుంచి పాత బట్ట తెచ్చుకోనిస్తారు కూడా. చాలామంది పని చెడేది అక్కడే. పాలిస్టర్ కలిసిన బట్ట ఈ రంగులు పట్టదు. అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలితే నూలు, ఉండకట్టి గట్టిపడితే పాలిస్టర్. బాగా ఉతికి మెత్తబడ్డ నూలు పంచె అన్నిటికన్నా నయం. కొత్త బట్టయితే గంజి పూర్తిగా పోయేదాకా ఉతకాలి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేయాలి. ఇంట్లో ప్రయత్నిస్తే బట్ట బరువులో అయిదోవంతు పొడితో మొదలుపెట్టండి. అరకిలో బట్టకు వంద గ్రాములన్నమాట. పాలలో కొవ్వు తగ్గితే కాసీమి గీత దాటి పాకుతుంది, అందుకే ప్యాకెట్ టోన్డ్ పాలు పనికిరావు.

నల్లగీతలయ్యాక, ఎరుపు రావాల్సినచోట పటిక నీళ్లు పూస్తారు. ఒక రోజైనా ఆరనిచ్చి, పారే నీళ్లలో బాగా జాడించి, అప్పుడు ఎర్రరంగు నీళ్లలో ఉడకబెడతారు. జాడింపు తగ్గితే మిగిలిన పటిక గీతలు దాటి చుట్టూ ఎర్రమరకలు చేస్తుంది. ఒక పూట శిక్షణలో ఇదంతా పూర్తికాదు, గీతల వరకే అవుతుంది. అన్ని రంగులూ సాయంత్రంలోగా వేయిస్తామన్నారంటే అక్కడ వాడేది రసాయన రంగని అర్థం. కాసీమి చిందితే మరక పోదు కాబట్టి లాడ్జి స్నానాల గదిలో ప్రయోగాలు మాత్రం వద్దు.

కొనేటప్పుడు బట్ట తిప్పి చూడండి. చేతి గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. ఒకే బొమ్మ నాలుగుచోట్ల అచ్చు గుద్దినట్టుంటే అది స్క్రీన్ ప్రింటు.

మాధవమాల ఏర్పేడు మండలంలో ఉంది. ఏర్పేడు దాకా బస్సు, ఆపైన ఆటో. తిరుగు ప్రయాణం కూడా ముందే మాట్లాడుకోండి, సాయంత్రమైతే బండి దొరకడం కష్టం. కొయ్య చెక్కడమే ఊరి పని. ఎర్రచందనం బొమ్మకు బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. ఈ కలప అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది, విదేశాలకు తీసుకెళ్లాలంటే అనుమతి పత్రాలు కావాలి. బిల్లు అడిగితే మొహం చాటేసే దుకాణంలో కొనకపోవడమే మంచిది. వేరే కలపకు ఎర్రరంగు పూసి అమ్మేవీ ఉంటాయి. బొమ్మ అడుగున గోటితో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. ఇంటికి ఒక జ్ఞాపకం కావాలంతే అనుకుంటే వేప, టేకు బొమ్మలు చవక, తలనొప్పీ లేదు.

పలమనేరు మట్టిబొమ్మలు చిత్తూరు దాటి బెంగళూరు రోడ్డులో దొరుకుతాయి. వేలితో తట్టితే ఖంగుమనాలి. మందంగా మోగితే పగులుందని లెక్క. కారు లేకపోతే పెద్దవి కొనకండి.

స్వామివారి పూజలకు వాడిన పూలతో చేసిన అగరబత్తులను టీటీడీ 2021 సెప్టెంబరులో ఏడు రకాలుగా తెచ్చింది. వాటిని టీటీడీ కౌంటర్లలోనే కొనండి. ఇంట్లో పూలు ఎండబెట్టి ఫ్రేములు చేద్దామనుకునేవాళ్లకు బంతి, చామంతి బాగా కుదురుతాయి. మల్లె గోధుమరంగుకు తిరిగిపోతుంది, గులాబీ నల్లబడుతుంది.

పాత వస్తువుల వైపు వస్తే, 2023 మే నుంచి పట్టణాల్లో ‘తగ్గించు, మళ్లీ వాడు, రీసైకిల్ చెయ్యి’ అన్న అర్థంతో మొదలైన ఆర్‌ఆర్‌ఆర్ కేంద్రాలు బట్టలు, పుస్తకాలు, ఆటవస్తువులు తీసుకుంటాయి. రాష్ట్రంలో స్వచ్ఛాంధ్ర కార్యక్రమం నెలనెలా మూడో శనివారం జరుగుతుంది. ఆ రోజు కాలేజీల్లోనో వార్డుల్లోనో పాత బట్టల సంచుల శిక్షణ ఉందంటే, వెళ్లేముందు కుట్టుమిషన్లు ఎన్నున్నాయో కనుక్కోండి. మిషన్లు లేకపోతే ఉపన్యాసం విని, ఫొటో దిగి రావడమే. బట్ట కోసే కత్తెర మీరే పట్టుకెళ్లడం మేలు, అక్కడ ఒకటుంటే పదిమంది దానికోసం కాచుకుంటారు.

కూరగాయల సంచికి కొలత ఇది. పాత పంచె లేదా దుప్పటి నుంచి 42 సెంటీమీటర్ల వెడల్పు, 96 సెంటీమీటర్ల పొడవు ముక్క కోయండి. మధ్యకు మడిచి పక్కలు సెంటీమీటరు లోపలికి కుట్టి, పైన మూడేసి సెంటీమీటర్లు మడిస్తే 40 × 45 సంచి వస్తుంది. పిడికి 8 సెంటీమీటర్ల పట్టీని నాలుగు మడతలు వేయాలి. ఇలాంటి సంచులు చిరిగేది అడుగున కాదు, పిడి దగ్గర. అక్కడ చదరంగా కుట్టి లోపల అడ్డంగా గుణకారం గుర్తు వేయండి. పాత పట్టుచీర దీనికి పనికిరాదు, మడతల దగ్గరే విడిపోతుంది.

బసకు తిరుపతే సౌకర్యం. రైల్వేస్టేషన్ ఎదుట విష్ణునివాసం, బస్టాండు ఎదుట శ్రీనివాసం ఉన్నా, అవి యాత్రికుల కోసం, గది దొరకడం ఆనాటి రద్దీని బట్టి ఉంటుంది. వాటినే నమ్ముకుని బయలుదేరొద్దు. ప్రైవేటు లాడ్జిలో 24 గంటల లెక్కా, మధ్యాహ్నం ఖాళీ చేయాలా అన్నది మొదటే అడగండి. మొదటి బస్సులో వెళ్లి రాత్రి తిరిగొచ్చేవాళ్లకు ఆ తేడా ఒక రోజు అద్దె. తడిబట్ట ఉంటే మేడమీద ఆరేసుకోనిస్తారో లేదో కూడా.