అమ్మకం ఆగిన ప్లగిన్‌లు: పదేళ్ల వాడకం తర్వాత

కంపెనీ అమ్మడం మానేసినంత మాత్రాన కొన్న ప్లగిన్ (పాటల సాఫ్ట్‌వేర్‌లో వాయిద్యంగానో ఎఫెక్ట్‌గానో కలిపే ప్రోగ్రామ్) మూగబోదు. నిన్న ఎలా పలికిందో రేపూ అలాగే పలుకుతుంది. గొడవంతా కంప్యూటర్ మార్చిన రోజు మొదలవుతుంది. చెన్నైలో వడపళని, సాలిగ్రామం వైపు తెలుగు పాటల పని చేసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. సినిమా విడుదలైన రెండేళ్లకు డబ్బింగ్ కోసం ఎం అండ్ ఈ ట్రాక్ (మాటలు లేకుండా సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్నది) అడుగుతారు. సెషన్ (పాట ప్రాజెక్టు ఫైలు) తెరిస్తే సింథ్ (శబ్దాన్ని పుట్టించే ప్లగిన్) ఉండాల్సిన చోట ‘దొరకలేదు’ అని వస్తుంది.

మ్యాక్, విండోస్ రెండింటి మీదా పదేళ్లకు పైగా వాడాక తేలింది ఒక్కటే: ప్లగిన్ ఎంతకాలం నిలుస్తుందో చెప్పేది కంపెనీ పేరు కాదు, లైసెన్స్ పద్ధతి. నెట్ అవసరం లేకుండా సీరియల్ నంబరుతో తెరుచుకునేవి అన్నిటికన్నా నయం. ఇన్‌స్టాలర్ ఫైలు, నంబరు మన దగ్గరుంటే ఎవరినీ బతిమాలక్కర్లేదు. తర్వాత ఐలాక్ అనే లైసెన్స్ పద్ధతి. లైసెన్స్ ఖాతా పేస్ అనే వేరే సంస్థ చేతిలో ఉంటుంది కాబట్టి, ప్లగిన్ చేసినవాళ్లు మూతపడినా ఆ లైసెన్స్‌ను డాంగిల్‌లోకి (లైసెన్స్ దాచే యూఎస్‌బీ పరికరం) మార్చుకునే వీలు సాధారణంగా మిగులుతుంది. కాకపోతే కంప్యూటర్ మీద ఆక్టివేట్ చేసిన లైసెన్స్‌ను ఫార్మాట్‌కు ముందే వెనక్కి తీసుకోవాలి. మదర్‌బోర్డు కాలిపోతే అది అక్కడే ఇరుక్కుంటుంది. అమ్మకం ఆగినవాటిని డాంగిల్‌లోనే ఉంచండి. కంపెనీ సొంత సర్వర్‌ను అడిగి తెరుచుకునేవి అన్నిటికన్నా ప్రమాదం: సర్వర్ తీసేస్తే పాత మిషన్‌లో నడుస్తున్న కాపీయే ఆఖరిది.

స్టైన్‌బర్గ్ కంపెనీ డాంగిల్ లైసెన్స్ పద్ధతైన ఈలైసెన్సర్ సేవ 2025 మే 20తో ముగిసింది. డాంగిల్‌లో ఉన్న లైసెన్స్ ఇప్పటికీ పనిచేస్తుంది. డాంగిల్ విరిగితే మాత్రం మార్చి ఇచ్చే దారి లేదు.

లైసెన్స్ గట్టిగా ఉన్నా ఆపరేటింగ్ సిస్టమ్ ముంచేస్తుంది. 2019లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ కాటలీనాతో మ్యాక్ మీద పాత తరహా 32 బిట్ ప్లగిన్‌లన్నీ ఒకే దెబ్బకు పోయాయి. దాని ముందు వెర్షన్ మొజావే దగ్గర ఆపిన మ్యాక్ ఒకటి ఉంచుకోవడం వృథా ఖర్చేమీ కాదు. నెట్ తీసేయండి, ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపండి, డిస్క్ మొత్తానికి క్లోన్ తీసి పెట్టండి. ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఈ దెబ్బ ఇంకా ముందే, 2013లో 11వ వెర్షన్‌తో తగిలింది: ఆర్‌టీఏఎస్ అనే పాత ప్లగిన్ ఫార్మాట్ పోయి ఏఏఎక్స్ ఒక్కటే మిగిలింది. విండోస్ ఈ విషయంలో చాలా నయం. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 32 బిట్ ప్లగిన్‌లు నేరుగా నడుస్తాయి, మిగతా చోట్ల వాటిని 64 బిట్ సాఫ్ట్‌వేర్‌తో కలిపే జేబ్రిడ్జ్ ఆదుకుంటుంది. దాంతో ప్లగిన్ విండో తెరిచేటప్పుడు అప్పుడప్పుడు హ్యాంగ్ అవుతుంది కాబట్టి ముందు సేవ్ చేయండి.

ఇవన్నీ ఉన్నా నమ్మదగ్గది ఆడియోనే. పాట ఓకే అయిన రోజే ప్రతి సింథ్ ట్రాక్‌నూ రెండు రకాలుగా రెండర్ చేయాలి (ఆడియో ఫైలుగా మార్చాలి): ఎఫెక్ట్‌లతో ఒకటి, లేకుండా ఒకటి. రెండూ మొదటి బార్ నుంచే మొదలవ్వాలి, లేకపోతే వేరే సెషన్‌లో పెట్టినప్పుడు కుదరవు. రీవెర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) తోక తెగకుండా చివర పది సెకన్లు వదలండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో అంటే నిమిషానికి సుమారు 17 ఎంబీ. ఐదు నిమిషాల పాటకు 40 ట్రాకులు ఒక్క రకానికి మూడున్నర జీబీ, రెండు రకాలకూ ఏడు. ఈ రోజుల్లో అదేం భారం కాదు. ఎల్‌ఎఫ్‌ఓ (శబ్దాన్ని నెమ్మదిగా ఊపే భాగం) తనంతట తాను తిరిగే ప్యాడ్‌లు (సాగే నేపథ్య శబ్దాలు) ఒక్కో రెండర్‌లో ఒక్కోలా వస్తాయి. దర్శకుడికి నచ్చిన టేక్ మళ్లీ రాదు, దాన్నే దాచాలి. పక్కనే మిడి ఫైలు (ఏ స్వరం ఎప్పుడు పలకాలో ఉండేది), ప్రీసెట్ ఫైలు (ప్లగిన్ అమరికలు), నాబ్‌లన్నీ కనిపించే స్క్రీన్‌షాట్ పెట్టండి. ప్లగిన్ పూర్తిగా పోయినా, మరో సింథ్‌లో ఆ శబ్దాన్ని దగ్గరగా కట్టడానికి ఆ ఫొటోయే ఆధారం.

చెన్నై ఉప్పుగాలికి డాంగిల్ కొనలు త్వరగా మసకబారతాయి. వాడనప్పుడు సిలికా జెల్ పొట్లంతో మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఉంచండి. వాడేటప్పుడు మిషన్ ముందు భాగంలో గుచ్చకండి, మోకాలు తగిలితే విరుగుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో వెనకవైపు పెట్టండి.