తిరిగే కార్ సీట్ బేస్: పాప పుట్టినప్పటి నుంచి వాడాక చెబుతున్నా

"పిల్లల సీటుని కారు తలుపు వైపుకి తిప్పే ఈ బేస్ నిజంగా అవసరమా, ఊరికే హంగా?" అని కొనే ముందు నేను చాలామందిని అడిగాను. ఇప్పుడు అదే ప్రశ్న నన్ను అడుగుతున్నారు. పుట్టిన కొత్తలో దీనితో పెద్ద పని లేదు. ఏడాది దాటాక మాత్రం, ఇది లేకపోయుంటే మా పాపని వెనక్కి తిప్పి, అంటే ముఖం కారు వెనక వైపుకి ఉండేలా, కూర్చోబెట్టడం ఎప్పుడో మానేసేవాళ్లం. నా అభిప్రాయం మొత్తం ఇంతే. ఎందుకో చెప్పాలంటే కాస్త వివరంగా రాయాలి.

మాది విడి బేస్ రకం. బేస్ కారు వెనక సీట్లో ఐసోఫిక్స్ కొక్కేలను (పిల్లల సీటుని నేరుగా కారుకి బిగించడానికి ఉండే ఇనుప కడ్డీలను) పట్టుకుని ఎప్పుడూ అక్కడే ఉంటుంది. మొదట పసిపిల్లల సీటు, తర్వాత పెద్ద సీటు, రెండూ అదే బేస్ మీద కూర్చుంటాయి. మాక్సీ-కోసీ ఫ్యామిలీఫిక్స్ 360, సైబెక్స్ బేస్ టి ఈ కోవలోవి. ఇంకో రకంలో బేస్, సీటు విడదీయలేని ఒకే ముక్కగా వస్తాయి. జోయీ స్పిన్ 360, బ్రిటాక్స్ రోమర్ డ్యుయల్‌ఫిక్స్ అలాంటివి. మేం వాడింది ఏ కంపెనీదో పక్కనపెడుతున్నాను. నేను చెప్పేవి చాలావరకు తిరిగే సీట్లన్నిటికీ వర్తిస్తాయి.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. సీటు తిరగడం వల్ల ప్రమాదంలో బిడ్డకి అదనపు రక్షణేమీ రాదు. పక్కకి తిప్పడం బిడ్డని ఎక్కించడానికి, దించడానికి మాత్రమే. బండి కదిలేటప్పుడు సీటు వెనక్కో ముందుకో తిరిగి లాక్ అయి ఉండాలి. రక్షణ ఇచ్చేవి వెనక్కి తిరిగి ఉండటం, పట్టీలు బిగుతుగా ఉండటం, సీటు కారుకి సరిగ్గా అమరడం. పసిపిల్లల ఒంట్లో తల పెద్దది, మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. ఎదురు నుంచి గుద్దుకున్నప్పుడు వెనక్కి తిరిగిన సీటులో ఆ దెబ్బ వీపు, తల, మెడ మొత్తం మీద పరుచుకుంటుంది. ముందుకి కూర్చుంటే ఒళ్లు పట్టీల దగ్గర ఆగిపోతుంది, తల మాత్రం ముందుకి ఊగుతుంది, ఆ బరువంతా మెడ మీదే పడుతుంది. 1960ల్లోనే స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ప్రొఫెసర్ రాకెట్‌లో వ్యోమగాములు వెల్లకిలా పడుకునే తీరు చూసి వెనక్కి తిరిగిన పిల్లల సీటు తయారుచేశారు. ఆ దేశంలో ఇప్పటికీ నాలుగేళ్ల వరకూ పిల్లల్ని అలాగే కూర్చోబెట్టడం మామూలు.

చిక్కల్లా ఎక్కించడంలోనే వస్తుంది. తిరగని సీటులో, వెనక్కి తిప్పి, పది పన్నెండు కిలోల పిల్లని పెట్టాలంటే తలుపు సందులోంచి వంగాలి, నడుము మెలితిప్పాలి, పిల్ల తల పైకప్పుకి తగలకుండా చూసుకోవాలి, ఆ పైన చెయ్యి సీటు అవతలి వైపుకి చాపి రెండో పట్టీ వెతకాలి. ఈలోగా పిల్ల ఒళ్లు విరుచుకుని విల్లులా వంగిపోతుంది. సిజేరియన్ అయిన తల్లికైనా, నడుం నొప్పి ఉన్న తండ్రికైనా ఇది రోజూ యుద్ధమే. తిరిగే సీటైతే బటన్ నొక్కి తలుపు వైపు తిప్పుతాం. పిల్ల మన ఎదురుగా కూర్చుంటుంది. రెండు భుజాలూ, బకిల్ కళ్లకి కనిపిస్తాయి. పట్టీ మెలిపడిందా, సరిగా బిగిసిందా అన్నది చూసి సరిచేయగలం. నాకు దీని అసలు లాభం ఇక్కడే కనిపించింది. నడుము సుఖం సరే, పట్టీలు ప్రతిసారీ సరిగ్గా పడుతున్నాయి. భుజం దగ్గర పట్టీని వేళ్లతో చిటికెడు పట్టి చూస్తే మడత దొరక్కూడదు. చూపు ఆనని చోట వంగి పెట్టేటప్పుడు ఆ పరీక్ష ఎవరు చేస్తారు? వెనక్కి తిరిగినప్పుడు పట్టీలు భుజాల ఎత్తులోనో కొంచెం కిందనో, ముందుకి తిరిగినప్పుడు భుజాల ఎత్తులోనో కొంచెం పైనో మొదలవ్వాలన్నది కూడా ఎదురుగా చూస్తేనే తెలుస్తుంది.

మా అత్తయ్య ఎవరూ చెప్పకుండానే దీన్ని వాడటం నేర్చేసుకున్నారు. అంతకు ముందు పాపని ఎక్కించాలంటే మా ఆయన్నో నన్నో పిలిచేవారు. ఇంట్లో పెద్దవాళ్లు పిల్లల్ని తిప్పుతుంటే ఈ ఒక్క కారణానికే నేను తిరిగే సీటు కొనమంటాను.

మరి పుట్టిన కొత్తలో ఎందుకు అవసరం లేదన్నానంటే, అప్పుడు వాడేది చేతిపిడి ఉన్న బుట్ట లాంటి సీటు. బిడ్డని ఇంట్లోనే కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, సీటుతో సహా తెచ్చి బేస్ మీద దించుతాం. క్లిక్‌మంటుంది, పని అయిపోతుంది. తిప్పాల్సిన అవసరమే రాదు. పైగా తిరిగే పసిపిల్లల సీటు మామూలుదానికన్నా కొంచెం బరువుగా ఉండొచ్చు, అది మోసే చేతికి తెలుస్తుంది. నిద్రపోయిన బిడ్డని ఇంట్లో కూడా అదే సీటులో వదిలేయడం మాత్రం వద్దు. గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరి అందదు. ఇంటికి చేరగానే చదునైన పక్క మీదకి మార్చాలి. దూర ప్రయాణమైతే రెండు గంటలకోసారైనా ఆపి బిడ్డని బయటికి తీయాలి, మరీ పసికందైతే ఇంకా ముందే.

బేస్ ఎంచుకునేటప్పుడు రంగు, గుడ్డ, కప్పు పెట్టుకునే చోటు అన్నీ తర్వాత. ముందు చూడాల్సింది మీ కారు. మొదటిది ఐసోఫిక్స్. వెనక సీటు, వీపు ఆనే భాగం కలిసే చోట వేళ్లు పెడితే 28 సెం.మీ. దూరంలో రెండు ఇనుప కడ్డీలు తగలాలి. చాలా కార్లలో కిటికీ పక్క సీట్లకే అవి ఉంటాయి, మధ్య సీటుకి ఉండవు.

రెండోది, ఎవరూ పట్టించుకోనిది, కాళ్లు పెట్టుకునే చోటు నేల. ఈ బేస్‌లలో చాలావాటికి ముందువైపు ఒక సపోర్ట్ కాలు ఉంటుంది. గుద్దుకున్నప్పుడు సీటు ముందుకి తిరగబడకుండా ఆపేది అదే. కొన్ని కార్లలో వెనక ప్రయాణికుల కాళ్ల కింద మూత ఉన్న సామాన్ల అర ఉంటుంది. మూత పల్చటి ప్లాస్టిక్. దాని మీద కాలు పెడితే దెబ్బ తగిలినప్పుడు మూత విరిగి కాలు లోపలికి దిగబడుతుంది, అంటే కాలు లేనట్టే. కొన్ని కార్ల కంపెనీలు ఆ అరలో నింపడానికి ప్రత్యేకమైన దిమ్మ ఇస్తాయి, కొన్ని అక్కడ ఇలాంటి సీటే వద్దంటాయి. కారు మాన్యువల్‌లో పిల్లల సీట్ల అధ్యాయం ఉంటుంది, కొనే ముందు చదవాల్సింది అదే. సీటు కంపెనీలు తమ సైట్లలో ఏ కారులో ఏ వరసలో తమ బేస్ పడుతుందో జాబితా పెడతాయి. రెండూ కలిపి చూసుకోవాలి.

మూడోది ముందు సీటు. వెనక్కి తిరిగిన పెద్ద సీటు చాలా చోటు తింటుంది. మా కారు మరీ చిన్నది కాదు. అయినా బేస్ డ్రైవర్ వెనక పెట్టినప్పుడు మా ఆయన మోకాళ్లు స్టీరింగ్‌కి దగ్గరయ్యాయి. రెండో వైపుకి మార్చాక ఆ గొడవ తీరింది, కానీ ఇప్పుడు ముందు కూర్చునే వాళ్లు సీటు వెనక్కి జరపలేరు. షోరూమ్‌లో సీటు చూసి మురిసిపోకుండా, వీలైతే మీ కారులో పెట్టించి, ఇంట్లో పొడుగైన మనిషిని ముందు కూర్చోబెట్టి చూడండి. ముందు సీట్లోనే పాపని వెనక్కి తిప్పి పెడదామనుకుంటే, ఆ వైపు ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉంటే అస్సలు కుదరదు.

సీటు మీద ఉండే నారింజ రంగు లేబుల్ గురించి. ఆ సీటు ఏ భద్రతా ప్రమాణం ప్రకారం పాసయిందో అది చెబుతుంది. ఆర్44 అనేది పాత ప్రమాణం, అందులో బిడ్డ బరువు లెక్క. 2013లో వచ్చిన ఆర్129లో ఈ రకం సీట్లకి ఎత్తు లెక్క, పక్క నుంచి గుద్దుకునే పరీక్ష కూడా అందులో కలిసింది. దీని ప్రకారం 15 నెలలు నిండకుండా బిడ్డని ముందుకి తిప్పకూడదు. కనీసం 76 సెం.మీ. ఎత్తు కూడా ఉండాలని చాలా సీట్లు అడుగుతాయి. ఐసోఫిక్స్‌తో బిగించి, సొంత పట్టీలున్న సీటైతే సీటూ బిడ్డా కలిపి 33 కిలోలు దాటకూడదు. తిరిగే సీటు బేస్‌తో కలిపి 14-15 కిలోలు తూగడం మామూలే. అలాంటప్పుడు బిడ్డకి మిగిలేది 18-19 కిలోలు. బొద్దుగా ఉండే పిల్లలున్న వాళ్లు ఈ కూడికలు తీసివేతలు ముందే చేసుకుంటే మంచిది, ఎత్తు కన్నా ముందు బరువే హద్దు దాటొచ్చు.

ఇక వాడకంలో విసిగించినవి. బేస్‌కీ సీటుకీ మధ్య తిరిగే చోట సన్నటి గాడి ఉంటుంది. బిస్కెట్ పొడి, మరమరాలు, ఒకసారి చొక్కా గుండీ, అన్నీ అక్కడికే చేరతాయి. ఓ రోజు సీటు సగం తిరిగి ఆగిపోయింది. బలవంతంగా తిప్పితే లోపల పళ్లు ఎక్కడ విరుగుతాయోనని సీటు పూర్తిగా తీసి, సన్న ముక్కు ఉన్న వాక్యూమ్‌తో లాగితే పీచుమిఠాయి పుల్ల ముక్క బయటపడింది. విడి బేస్ రకం కాబట్టి సీటు తీయగలిగాం. ఒకే ముక్క అయితే మొత్తం దించాల్సి వచ్చేది. నూనె మాత్రం వేయకండి, దుమ్ము ఇంకా పట్టేస్తుంది. పట్టీల్ని కూడా సబ్బులో నానబెట్టకూడదు, తడి గుడ్డతో తుడిస్తే చాలు. బొత్తాలు అంటుకుపోతుంటే మాన్యువల్‌లో ఎలా కడగమన్నారో అలాగే కడగాలి.

కొన్ని సీట్లు వాల్చి ఉన్నప్పుడు తిరగవు, నిలువుగా లేపాకే తిరుగుతాయి. మాది అలాంటిదే. నిద్రపోయిన పిల్లని దించాలంటే ముందు సీటు లేపాలి, ఆ కుదుపుకి సగంసార్లు లేచి ఏడుపు. ఏ వాలులో ఉన్నా తిరిగే మోడళ్లు ఉన్నాయి. మళ్లీ కొంటే నేను చూసే మొదటి గుణం అదే. బటన్ ఎక్కడుందో కూడా చూడండి. ఒక చేత్తో పిల్లని ఎత్తుకుని రెండో చేత్తో నొక్కగలగాలి.

తిరిగే చోట కొద్దిగా కదలిక ఉంటుంది. మొదట్లో నాకు అదో టెన్షన్. బేస్ కొక్కేల దగ్గర బిగుతుగా ఉండి, ఆకుపచ్చ గుర్తులన్నీ కనిపిస్తూ, సీటు లాక్ అయిన చప్పుడు వినిపిస్తే పై భాగంలో ఆ కాస్త ఆట మామూలేనని మాన్యువల్‌లోనే ఉంది. రంగు గుర్తులు ఉన్నవే నాకు నచ్చుతాయి. లైట్లు, బీప్‌లు ఉన్నవాటిలో బ్యాటరీ అయిపోతే ఆ సంగతి మనకి తెలియకపోవచ్చు.

నాకు నచ్చని ఇంకో సంగతి, తిప్పడం ఎంత సులువో ముందుకి తిప్పేయడం కూడా అంతే సులువు. బంధువు ఎవరో "కాళ్లు ముడుచుకుని కూర్చుంది, పాపం" అంటారు, చెయ్యి బటన్ మీదికి పోతుంది. కాళ్లు ముడుచుకుని కూర్చోవడం పిల్లలకి కష్టం కాదు, నేల మీద వాళ్లు కూర్చునేదే అలా. తల సీటు పై అంచు దాటనంతవరకు, ఎత్తూ బరువూ హద్దులోనే ఉన్నంతవరకు వెనక్కే ఉంచొచ్చు. కొన్ని సీట్లలో ముందుకి తిరగకుండా ఆపే చిన్న మీట ఉంటుంది, అది ఉన్నది తీసుకుంటే ఇంట్లో వాదనలు తగ్గుతాయి.

రెండు కార్లున్న వాళ్లు జాగ్రత్త. బేస్ ఒక్కటే చాలావాటిలో 6 నుంచి 8 కిలోలు, ఇటూ అటూ మార్చడం విసుగు. వారంలో సగం రోజులు వేరే కారులో తిరిగేవాళ్లకి తేలికగా బిగించే మామూలు సీటే మేలు. పెద్ద పిల్లలకి ఇది కొనడం కూడా దండగ. మూడేళ్లు దాటిన మా ఆడపడుచు కొడుకు తనంతట తానే ఎక్కి కూర్చుంటాడు, వాడికి తిరిగే సీటు ఎందుకు?

మా పాప ఇంకొన్నాళ్లలో ఈ సీటు హద్దు 105 సెం.మీ. దాటుతుంది. ఒక్క దెబ్బా తగల్లేదు కాబట్టి బేస్‌ని మా చెల్లి తీసుకుంటానంది. చరిత్ర తెలియని పాత సీటైతే నేనే వద్దనేదాన్ని. వాళ్ల కారులో నేల కింద అర ఉందట. దానికి దిమ్మ దొరుకుతుందా లేదా అని కారు సర్వీస్ సెంటర్‌లో కనుక్కుంటోంది. దొరక్కపోతే బేస్ ఇవ్వనని ముందే చెప్పాను.