కయాక్ టీ హ్యాండిల్స్: పిడి బాగుంది, తాడు దండగ

మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో మోటార్లు బాగుచేయడం నా పని. బెల్టు వేలిని ఎలా లాక్కుంటుందో దగ్గర నుంచి చూసినవాణ్ని. అందుకే మా సీ కయాక్‌కి (సముద్రంలో తెడ్డుతో నడిపే సన్నటి, పొడవాటి పడవ) రెండు చివర్లా పట్టుకోవడానికి ఉండే హ్యాండిల్స్ కొనేటప్పుడు ముందు చూసింది, అవసరమైనప్పుడు చెయ్యి ఎంత తేలిగ్గా వదిలించుకోవచ్చు అని.

సెకండ్‌హ్యాండ్ కయాక్‌తో పాటు వచ్చినవి పట్టీ రింగులు. ఒడ్డు దాకా మోసుకెళ్లడానికి బ్రహ్మాండంగా ఉంటాయి. కానీ బోల్తా పడ్డ కయాక్‌ని అల దొర్లించిందనుకోండి, రింగు మెలిపడి వేళ్ల చుట్టూ బిగుసుకుంటుంది. లీటరు నీళ్లంటే కిలో బరువు. లోపల వంద లీటర్లు చేరితే, అల తోసినప్పుడు ఆ బరువు ఊపు మెలిపడ్డ వేళ్ల మీదే. టీ హ్యాండిల్ ఇంగ్లీషు T అక్షరంలా ఉంటుంది, తాడు పిడి మధ్యలో నుంచి వస్తుంది. అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు. గుప్పిట తెరిస్తే చాలు. ఒక్క జాగ్రత్త: పిడి రెండు చివర్ల నుంచీ తాడు వచ్చి త్రికోణంలా ఉండేవీ దొరుకుతాయి. వాటిలో వేళ్లు లోపలికి దూరతాయి, మళ్లీ అదే మెలి.

"సాగర్‌లో తిరగడానికి ఇదంతా ఎందుకు బావా" అంటాడు మా బామ్మర్ది. నిజమే, సాగర్ బ్యాక్‌వాటర్‌లో గాలికి లేచే అలలే. కానీ చలికాలంలో మేం బాపట్ల దగ్గర సూర్యలంకకీ తీసుకెళ్తాం. అక్కడ ఒడ్డుకొచ్చేటప్పుడే అల కయాక్‌ని అడ్డం తిప్పేస్తుంది. బోల్తా పడితే సముద్రం వైపున్న పిడి పట్టుకోవాలి. కయాక్‌కీ ఒడ్డుకీ మధ్యలో మాత్రం నిలబడొద్దు, తర్వాతి అల దాన్ని నేరుగా మన కాళ్ల మీదికే తోస్తుంది.

ఇక ఆన్‌లైన్‌లో తెప్పించిన ఈ జత సంగతి. పిడి గట్టి ప్లాస్టిక్. నాలుగు వేళ్లూ సరిగ్గా పడుతున్నాయి, తడి చేత్తో పట్టుకున్నా జారట్లేదు. అచ్చు రెండు ముక్కలూ కలిసిన చోట సన్నటి అంచు లేచి గోటికి తగిలింది. ఎమరీ పేపర్‌తో రుద్దితే పోయింది. తాడు మాత్రం పోగులు వదులుగా, సన్నగా ఉంది. మన నల్లగొండ ఎండకి ఒక్క వేసవి కూడా ఆగేలా లేదు. తీసేసి, ఇక్కడి హార్డ్‌వేర్ షాపులో 6 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు కొని వేశాను. నైలాన్ కూడా చూపించారు గానీ అది తడిస్తే సాగుతుంది. చివర్లు కాల్చి, డబుల్ ఫిషర్‌మన్ ముడి (తాడు రెండు చివర్లనీ కలిపే గట్టి ముడి) వేశాను.

తాడు పొడవు ఎంతంటే, పిడి పట్టి లాగినప్పుడు మెటికలు కయాక్‌కి కొట్టుకోకూడదు, అంతే. ఇంకా వదిలితే డెక్ (కయాక్ పైభాగం) మీద టకటకమని ఒకటే మోత.

పిడికి ఐదుకి నాలుగు, తాడుకి ఒకటి. తాడు లేకుండా ఉత్త పిడులే అమ్మితే ఇంకో జత తీసుకుంటాను. మా బామ్మర్ది కయాక్‌కి ఇప్పటికీ ఆ పట్టీ రింగులే ఉన్నాయి.